కూర్మయ్య సిగ్నల్

మా డైరెక్టర్ చక్రధర్ గారికి జపనీస్ భాషలో మూడు మాటలు వచ్చు. మూడూ తప్పుగానే వచ్చు. అయినా ఆ భాషని నలభై రోజుల్లో ఎవరికైనా పట్టించే యంత్రం మీద పేటెంటు ఆయనదే. దాని పేరు మర్యాద పట్టీ. మెడ వెనక, జడ కింద, రెండు వేళ్ల వెడల్పున అతుక్కుని ఉంటుంది.

విశాఖపట్నంలో, సముద్రం కనిపించే కొండ మీద, ఆరో అంతస్తులో మా సంస్థ. అందులో నేను భాషా విభాగం. విభాగం అంటే నేనొక్కదాన్నే. నా పేరు పైడితల్లి. జపనీస్‌లో ఎం.ఏ. చేశాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. నాలుగక్షరాల అమ్మవారి పేరు నోట పట్టక చక్రధర్ గారు నన్ను 'పీటీ' అని కుదించారు. మర్యాదని కనిపెట్టిన మనిషి కదా, అడ్డు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నాకు ఇంట్లోనే అబ్బింది. ఎలా అబ్బిందో ముందు ముందు చెబుతాను.

పట్టీ పనేమిటో తెలియాలంటే జ్యోత్స్న సంగతి చెప్పాలి. పలాస పిల్ల. నర్సింగ్ చదివింది. జపాన్‌లో వృద్ధుల ఆశ్రమాల్లో పనికి వెళ్లే రెండో బ్యాచ్ అరవైమందిలో ఒకతె. వచ్చిన మొదటిరోజు, హెడ్ నర్సు వేషంలో నేను ఎదురుగా నిలబడితే, "తిన్నావేటే?" అన్నట్టు, వచ్చిన కాస్త జపనీస్‌లో పలకరించింది.

"అలా అనకూడదమ్మా. ఆవిడ నీకంటే పెద్ద."

"ఎంత పెద్ద?"

"ఒక్క ఏడాది."

"ఏడాదికే ఒంగి దండాలెట్టాలా? మా అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. దాన్ని 'ఒలే' అంటాను."

నవ్వాను. కానీ చిక్కంతా అక్కడే ఉంది. ఆ భాషలో ఏం చెప్పాలో తెలిసేముందు ఎవరితో చెబుతున్నామో తెలియాలి. మనవాళ్లా, బయటివాళ్లా, ఏడాది ముందు చేరారా, వెనక చేరారా, మొన్న మనకి సాయం చేశారా. దాన్నిబట్టే నోట్లో మాట తయారవుతుంది. అక్కడి పిల్లలకి ఇది పుస్తకం నేర్పదు. ఇల్లు నేర్పుతుంది. బడిలో ఏడాది పెద్దవాడి ఆట సామాను మోస్తూ నేర్చుకుంటారు. పదేళ్లు మనుషుల మధ్య మసిలితే వచ్చే విద్య అది.

పదేళ్లు ఆగే ఓపిక మా సంస్థకి లేదు. గదిలోకి ఎవరు వచ్చారో కెమెరా చూస్తుంది. పెద్దవాళ్లయితే పట్టీ మెడ నరాల్లోకి చిన్న తరంగం పంపుతుంది. భుజాలు లోపలికి ముడుచుకుంటాయి, కడుపులో ఏదో జారుతుంది, గొంతు సన్నబడుతుంది. ఒంగిన ఒంటికి ఒంగిన మాట దానంతటదే దొరుకుతుంది. నలభయ్యో రోజున నేను గదిలోకి అడుగుపెట్టగానే జ్యోత్స్న లేచి, చూపు నేలకి దించి, మా విశ్వవిద్యాలయంలో పాతికేళ్లు పాఠం చెప్పినవాళ్లకి కూడా రానంత నిఖార్సైన జపనీస్ మాట్లాడింది. నా కళ్లు చెమర్చాయి. అది చూసి మురిసిపోయిన మొదటి వెర్రిదాన్ని నేనే.

ఇక ఆ తరంగం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి.

మొదట జపాన్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని చూశారు. తడ దగ్గర కంపెనీల్లో పనిచేసే జపాన్ దేశస్థులు పన్నెండుమంది వచ్చి వైర్లు తగిలించుకున్నారు. తెర మీద వాళ్ల నరాల స్పందన చూపే గీతలు పలక మీద చంటిపిల్లాడు గీకినట్టు వచ్చాయి. అదే మనిషి, ఎదురుగా అదే పైఅధికారి, కానీ మీటింగులో ఒక గీత, టీ తాగేటప్పుడు ఇంకో గీత, అధికారి జోకు వేస్తే మూడోది. పైగా ఎదుట కూర్చున్న అధికారి గీత కూడా కదిలేది. వారం రోజులు చూసి మా ఇంజినీరు శరత్ ఫైళ్ల పక్కన 'శబ్దం' అని రాశాడు. అంటే పనికిరాని గోల అని.

తరవాత మా ఇంజినీర్లనే కూర్చోబెట్టి, చక్రధర్ గారు స్వయంగా వాళ్ల ముందు అటూ ఇటూ నడిచారు. ఒక్కరి గీతా కదల్లేదు. వాళ్లు ఆయన్ని 'చక్స్' అని పిలుస్తారు.

ఆ వారంలోనే మా నాన్న వచ్చాడు. హిరమండలం నుంచి నాకోసం పనసతొనలు డబ్బాలో పెట్టుకుని బస్సులో వచ్చి, కింద సెక్యూరిటీ వాళ్ల బల్ల మీద కూర్చున్నాడు. చక్రధర్ గారి కారు వచ్చి ఆగింది. నాన్న లేచాడు. చెప్పులు బల్ల కిందకి నెట్టేశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద వేసుకున్నాడు. ఆయన ఎవరో నాన్నకి తెలియదు. కారులోంచి దిగారు, అంతే.

మా నాన్న కూర్మయ్య వంశధార పక్కనున్న ఇరిగేషన్ బంగళాలో ముప్ఫై ఒక్క ఏళ్లు వాచ్‌మన్. రోడ్డు మీద జీపు చప్పుడు వింటే నిద్రలో కూడా లేచి నిలబడేవాడు. రిటైరై ఆరేళ్లయినా ఆ చప్పుడు ఆయన ఒంట్లోంచి దిగలేదు.

చక్రధర్ గారు కారు దగ్గరే ఆగిపోయి, మేకని బేరం చేసేవాడు చూసినట్టు మా నాన్నని పైనుంచి కిందకి చూశారు.

"ఈ పెద్దాయన ఎవరు?"

"మా నాన్నగారండీ."

"ఒక చిన్న హెల్త్ టెస్టు చేద్దాం పీటీ. పైకి తీసుకురా."

నేనే చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాను. నాన్నకి వైర్లు నేనే తగిలించాను. చక్రధర్ గారు తలుపు తీసుకుని లోపలికి వస్తారు, నాన్న లేచి నిలబడతాడు. మళ్లీ వస్తారు, మళ్లీ లేస్తాడు. పదకొండు రోజులు. తెర మీద గీత రూలు కర్ర పెట్టి గీసినట్టు ఒకే వాలులో కిందికి దిగేది, ప్రతిసారీ అంతే.

"ఇంత క్లీన్ సిగ్నల్ జన్మలో చూళ్లేదు. ఇదీ అసలైన గౌరవం అంటే," అన్నారు చక్రధర్ గారు.

ఆఖరి రోజున శాలువా కప్పి ఫొటో తీశారు. నాన్న ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ ఫొటో నా అద్దె వాటాకి తీసుకెళ్లి గోడకి నేనే తగిలించాను.

*

మొదటి బ్యాచ్ ఇరవైమంది జపాన్ వెళ్లిన ఆరో నెలలో ఒక ఉత్తరం వచ్చింది. తులసి అనే అమ్మాయికి కడుపునొప్పి వచ్చి, రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా డ్యూటీ చేసి, మూడో రోజు వరండాలో పడిపోయింది. అపెండిక్స్ లోపలే పగిలిందట. నెల రోజులు ఆస్పత్రిలో ఉంది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మేడమ్ గారు ఎదురుగా ఉన్నారు" అందట. విమానం ఎక్కేముందే పట్టీలు తీసేస్తారు. అంటే అప్పటికి పట్టీ మెడ మీద లేక నాలుగు నెలలు దాటింది.

ఆ ఉత్తరాన్ని నేను తెలుగులో రాసి ఇస్తే చక్రధర్ గారు చదివి, "చూశావా డెడికేషన్," అన్నారు. దాన్ని ప్రచార పుస్తకంలో వేద్దామా అని కూడా ఆలోచించారు.

ఆశ్రమాల వాళ్లకి మాత్రం అది డెడికేషన్‌లా కనపడలేదు. రెండో బ్యాచ్ బయలుదేరే ముందు పరీక్షించి రమ్మని ఒగినో గారిని పంపించారు. డెబ్భై ఏళ్ల మనిషి. నలభై ఏళ్లు విదేశీయులకి జపనీస్ నేర్పిన పంతులమ్మ. పొట్టిగా, గుండ్రంగా, చేతిసంచిలో ఎప్పుడూ ఏదో ఒక తినే వస్తువుతో ఉంటారు. రాగానే నా పేరడిగారు. ఆవిడకి 'ల్లి' రాలేదు, 'ర్రి' అయింది. కానీ నాలుగక్షరాలూ పలికారు. రెండుసార్లు తనలో తాను అనుకుని మరీ పలికారు.

పరీక్ష రెండు నిమిషాల్లో తేలిపోయింది.

"నేను బయటి కంపెనీ మనిషిని అనుకో. ఫోను చేసి మీ డైరెక్టర్ గారున్నారా అని అడిగాను. ఏం చెబుతావు?" అని జ్యోత్స్నని అడిగారు.

బయటివాళ్ల ముందు మన పెద్దని మనమే గౌరవించి చెప్పుకోకూడదని వాళ్ల పద్ధతి. ఇంటి గొప్ప మనమే చాటుకున్నట్టు ఉంటుందని. 'చక్రధర్ బయటికెళ్లాడు' అన్నట్టు చెప్పాలి. ఆ సంగతి అరవైమందికీ తెలుసు, నేనే నేర్పాను. కానీ చక్రధర్ గారు అక్కడే కుర్చీలో ఉన్నారు. జ్యోత్స్న పెదవులు కదిలాయి, మాట రాలేదు. పక్క పిల్లని అడిగితే ఆ పిల్లా అంతే. అరవైమందీ అంతే.

"దానిదేముంది, 'గారు' ఉంటేనే బాగుంది కదా," అన్నారు చక్రధర్ గారు. ఒగినో గారికి ఆ వాక్యం అనువదించడానికి నాకు సిగ్గేసి, "ఆయన సంతోషించారు" అని చెప్పాను.

తరవాత ఆవిడ వాళ్ల అమ్మమ్మ మంచులో ముల్లంగి ఊరగాయ పెట్టిన కథ మొదలుపెట్టారు. మంచి కథ. అరవైమందీ బొమ్మల్లా, రెప్ప వాల్చకుండా విన్నారు. సగంలో ఆవిడ ఆగిపోయారు.

"ఇంక చెప్పలేను. ఎవరూ వినడం లేదు."

"వింటున్నారండీ," అన్నాను.

"కళ్లతో వింటున్నారు. మా దగ్గర వినడం నోటితో. నేను సగం మాట అంటాను, ఎదుటి మనిషి 'హై' అంటుంది. అది అవుననడం కాదు, నీ మాట నా చేతికి అందింది అనడం. అది అందితేనే నా రెండో సగం బయటికొస్తుంది. మీ భాషలో అలాంటిదేమీ లేదా?"

లేకపోవడమేమిటి. మా నాన్న కథ చెబితే నేను ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగేది, నిద్రపోయాననుకుని దుప్పటి కప్పేవాడు. ఈ జ్యోత్స్న హాస్టల్లో టీవీ సీరియల్‌కి కూడా ఊ కొడుతుంది, నా చెవులతో విన్నాను. మరి ఇక్కడ ఎందుకు కొట్టడం లేదు?

దొర ముందు ఎవరూ ఊ కొట్టరు కనుక.



మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒగినో గారు పప్పన్నంలో చెంచా ఆపి నాతో అన్నారు.

"నాకు గిట్టని మనుషులతో నలభై ఏళ్లు మహా మర్యాదగా మాట్లాడాను. ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసా? మర్యాద మాకు కంచె. నువ్వు అక్కడ ఉండు, నేను ఇక్కడ ఉంటాను అని చెప్పే ఉపాయం. కాదు అని చెప్పాలంటే దానితోనే చెబుతాం. అది ఇద్దరు పట్టుకునే తాడు. ఈ పిల్లలు తాడు వదిలేసి నేల మీద పడుకున్నారు." చెంచా కింద పెట్టారు. "ఇది ఎవరిది?"

"ఏది?"

"ఈ పిల్లల ఒంట్లో పెట్టింది. ఎవరో ఒక మనిషి ఒంట్లోంచి తీసిందే కదా. ఎవరిది?"

నేను మజ్జిగ తెస్తానని లేచిపోయాను.

*

భాషా విభాగానికి పట్టీ అక్కర్లేదని నాకెప్పుడూ పెట్టలేదు. నేనూ అడగలేదు. ఆ సాయంత్రం స్టోరు గదిలోకి వెళ్లి ఒకటి తీసి మెడకి అంటించుకున్నాను. చక్రధర్ గారి ఫొటోని దాని జత కెమెరాకి చూపించాను.

మొదట నా కాలివేళ్లు కదిలాయి. చెప్పులు వదలడానికి వెతుక్కుంటున్నాయి. తరవాత భుజం మీద లేని తువ్వాలు కోసం చెయ్యి లేచింది. కడుపులో ఏదో జారింది. ఆ జారడం నాకు తెలుసు. ఎర్రమట్టి రోడ్డు మీద జీపు మలుపు తిరిగేటప్పుడు మా నాన్న ముఖంలో చూశాను దాన్ని. దొర ఏమంటాడో, భోజనంలో ఉప్పు ఎక్కువైందంటాడో, దోమతెర చిరిగిందంటాడో, ఏమీ అనకుండా చెయ్యి లేపుతాడో. ముప్ఫై ఒక్క ఏళ్ల భయం అది. అందులో గౌరవం ఒక్క గింజ లేదు.

జపాన్ వాళ్ల పదేళ్ల సహవాసాన్ని శబ్దమని పారేసి, మా నాన్న భయాన్ని గౌరవం అని పేరుపెట్టి, డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. ఎం.ఏ. చదివిన నేను దాని మీద లేబుల్ అంటిస్తున్నాను.

మర్నాడే చక్రధర్ గారు నన్ను పిలిచారు. శుక్రవారం పెద్ద ఫంక్షన్. అతిథులు వస్తారు. మా నాన్నకి సన్మానం. ఆయన ఎదుటే ప్రదర్శన.

"పాత కాగితం ప్రయోగాల వరకే పీటీ. ఇప్పుడు పదివేల పట్టీలు చేస్తున్నాం. ఆయన కొత్త కాగితం మీద సంతకం పెట్టాలి. లీగల్ వాళ్లు అది లేకపోతే పాతవి కూడా ఆపెయ్యమంటున్నారు. కొరియన్‌కి కూడా ఇదే వాడేద్దాం. మర్యాద మర్యాదే కదా."

జపాన్‌కీ కొరియాకీ తేడా ఈయనకి నూడుల్స్ దగ్గర కూడా తెలియదు.

"అరవైమంది పిల్లలు ఇరవయ్యో తారీకున విమానం ఎక్కుతారు. మీ నాన్న సంతకం మీదే ఉందంతా," అన్నారు. బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరితోనూ ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

*

గురువారం నాన్న వచ్చాడు. మద్దిలపాలెంలో నేనుండేది వెనక వాటా. నాన్న మంచం మీద కూర్చుని టీ తాగుతుంటే ఇంటివాళ్ల మనవడు, ఆరేళ్లవాడు, బంతి కోసం లోపలికొచ్చాడు. నాన్న లేచి నిలబడ్డాడు. టీ గ్లాసు వెనక్కి దాచాడు.

"కూర్చో నాన్నా. వాడు పిల్లాడు."

"ఇంటిగలోల్ల బాబు కదమ్మీ."

వాడు బంతి తీసుకుని పోయాడు. నేను తలుపు వేసి అన్నీ చెప్పాను. పట్టీ సంగతి, పిల్లల సంగతి, వరండాలో పడిపోయిన తులసి సంగతి. నాన్న ఊ కొడుతూనే విన్నాడు. తులసి దగ్గర ఊ ఆగింది.

"నా ఒంట్లోది తీసి ఆడపిల్లల మెడలకి కట్టినారా?"

"ఊఁ."

"ఎంతమందికి?"

"ఎనభైమందికి. ఇంకా పదివేలమందికి కడతారట."

గ్లాసు కింద పెట్టి గోడ మీద శాలువా ఫొటో వైపు చూశాడు.

"మరి నువ్వేటి సేత్తన్నావు అక్కడ?"

మా నాన్న నన్ను జన్మలో కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఒక్క ప్రశ్నతో రెండూ అయ్యాయి.

"ఉద్యోగం," అన్నాను.

"నీ సిన్నప్పుడు జీపు సప్పుడైతే నిన్ను వంటింట్లో ఎట్టి తలుపేసీవోణ్ణి. గేపకముందా?"

"ఉంది. అల్లరి చేస్తానని."

"నువ్వేటల్లరి సేసేవు, పిల్లికూనవి. దొర ముందు నాను నిలబడింది నువ్వు సూడకూడదని. సూస్తే నీకూ అంటుకుంటాది." ముఖం తువ్వాలుతో తుడుచుకున్నాడు. "అంత దాసినా అంటీసింది. ఇప్పుడు ఊళ్లోల్ల పిల్లలకి కూడా పంచీసినాను."

సంతకం పెట్టనని చెప్పెయ్ నాన్నా, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నేను ఆజ్ఞాపిస్తే, అలాగేనమ్మా అంటాడు. అది మళ్లీ అదే వాలు గీత. "నీ ఇష్టం నాన్నా. పెడితే పెట్టు, మానితే మాను," అన్నాను.

"పెట్టనని నీకు సెప్పగలను. ఆ బాబు ముందు సెప్పలేనమ్మీ. నోరు పెగల్దు. అది నాకు రాదు."

*

శుక్రవారం పొద్దున పదింటికి హాలు నిండింది. అతిథులు ముందు వరసలో, వాళ్ల చివర ఒగినో గారు, వెనక అరవైమంది పిల్లలు. వేదిక మీద నాన్న. పక్కన పూలదండ వేసిన కుర్చీ ఉంది. నాన్న కూర్చోలేదు. శరత్ వచ్చి మెడకి వైర్లు తగిలించాడు. వెనక పెద్ద తెర.

"మిత్రులారా, చూడండి," అని చక్రధర్ గారు బయటికెళ్లి, తలుపు తోసుకుని మళ్లీ లోపలికి వచ్చారు. మా నాన్న చేతులు కట్టుకుని ఒంగాడు. తెర మీద గీత నున్నగా కిందికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. సర్కస్‌లో ఏనుగుకి స్టూలైనా ఇస్తారు. నేనూ ఆ హాల్లోనే, ఒగినో గారి పక్కన, అనువాదకురాలిగా కూర్చున్నాను.

కాగితం వచ్చింది. కలం వచ్చింది. నాన్న కలం తీసుకున్నాడు. సంతకం నేర్చుకున్నది నా దగ్గరే, నేను అయిదో తరగతిలో ఉండగా. కలం కాగితం మీదికి దిగి ఆగింది.

"బాబూ..." అన్నాడు.

మాట ఆగిపోయింది.

"చెప్పు పెద్దాయనా, త్వరగా. టైమవుతోంది," అన్నారు చక్రధర్ గారు.

నాన్న చూపు కాగితం మీదికి పోయింది. ఇంక మాట రాదని నాకు తెలిసిపోయింది. కలం కదలడానికి సిద్ధమైంది. అప్పుడు నా పక్కనుంచి, మెల్లగా, ఊరికే వినపడీ వినపడనట్టు, "హై" అన్నారు ఒగినో గారు.

తెలుగు ఒక్క ముక్క రాని మనిషి. నేనింకా ఏమీ అనువదించలేదు. ఒక ముసలాయన సగం మాట అని ఆగిపోతే ఆవిడ నోరు ఊరుకోలేదు, అంతే. నాన్న తలెత్తి ఆవిడ వైపు చూశాడు. అది ఊ అని ఆయనకి అర్థమైంది.

"బాబూ, తమరు పెద్దోరు. సదువుకున్నోరు."

"హై."

"తమరు తప్పు సేసినారని నాను అన్ను. అనడానికి నాను ఏపాటోణ్ణి."

"హై, హై."

"ఇది నా బయ్యం బాబూ. తమరు గౌరం అనుకున్నారు. జీపు సప్పుడుకి వొచ్చింది నాకు. మా పిల్ల సూడకుండా తలుపేసి దాసినాను."

"అహా," అన్నారు ఒగినో గారు, తల ఊపుతూ. వెనక వరసలోంచి ఎవరో "ఊఁ" అన్నారు. చూడకుండానే తెలిసింది, జ్యోత్స్న గొంతు. ఆ పొద్దున పట్టీ తీసేసి వచ్చిందట, మెడ దురద పెడుతోందని.

"నా సొంత పిల్లకే అంటకూడదని దాసినోణ్ణి, పైవోల్ల పిల్లలకి ఎలగ కడతాను? తమరు ఏటీ అనుకోకండి. నాను సంతకం ఎట్టలేను. కట్టినవి కూడా ఇప్పీండి బాబూ. సమించాల."

చేతులు కట్టుకునే ఉన్నాడు. ఒంగే ఉన్నాడు. గొంతు వణుకుతూనే ఉంది. కలాన్ని రెండు చేతులతో కాగితం మీద పడుకోబెట్టి, చక్రధర్ గారి వైపుకి మర్యాదగా జరిపాడు.

వెనక తెర మీద గీత ఎప్పుడో వాలు తప్పింది. పైకీ కిందికీ, చంటిపిల్లాడు పలక మీద గీకినట్టు తిరుగుతోంది. ఆ పన్నెండుమంది గీతల్లాగే ఉంది. శరత్ పరుగున వచ్చి వైరు ఊడిందేమోనని నాన్న మెడ వెనక తడిమి చూశాడు. వైరు బాగానే ఉంది.

చక్రధర్ గారు మైకు చేత్తో మూసి నా వైపు తిరిగారు. "పీటీ, ఏమిటిది? అర్థమయ్యేలా చెప్పు."

"ఆయన తెలుగులోనే మాట్లాడారండీ," అన్నాను.

*

కాగితం లేకపోయేసరికి లీగల్ వాళ్లు పట్టీలు విప్పించారు. ఒగినో గారి రిపోర్టు వెళ్లాక ఆశ్రమాల వాళ్లు ప్రయాణం ఎనిమిది నెలలు వెనక్కి జరిపారు. దీనికి నన్నెవరూ పొగడలేదు. జ్యోత్స్న వాళ్ల అమ్మ పలాస నుంచి ఫోను చేసి, "నీకు ఉజ్జోగముంది, మా పిల్ల కడుపు కొట్టినావు," అని అరగంట తిట్టింది. ఉద్యోగం అప్పటికే పోయిందని ఆవిడకి చెప్పలేదు. తిట్టడానికి ఆవిడకి కారణం ఉంది. నేను వినడమే న్యాయం. ఊ కొడుతూ విన్నాను.

ఇప్పుడు ఆ అరవైమందిలో నలభై ఒక్కరు ఒక కళ్యాణమండపం భోజనాల హాల్లో, ఇక్కడే ఉండిపోయిన ఒగినో గారి దగ్గర, నా దగ్గర మామూలుగా నేర్చుకుంటున్నారు. మిగిలినవాళ్లు వేరే దారి చూసుకున్నారు. చాలా నిదానంగా వస్తోంది. ఒకళ్లనొకళ్లు ఏడాది పెద్దగా, ఏడాది చిన్నగా పెట్టుకుని, వడ్డించుకుంటూ, పోట్లాడుకుంటూ నేర్చుకుంటున్నారు. జ్యోత్స్న 'హై' అనకూడని చోటల్లా అంటుంది. ఒగినో గారు నవ్వి ముల్లంగి కథ మళ్లీ మొదటికి తీసుకెళతారు.

తులసి ఇంకా అక్కడే ఉంది. మొన్న ఒకరోజు సెలవు అడిగిందట. అద్దం ముందు వారం రోజులు సాధన చేసి అడిగానని రాసింది. మెడ మీది పట్టీ తియ్యడం సులువు. ఒంట్లోకి దిగినది ఎప్పటికి పోతుందో నాకు తెలియదు. మా నాన్న నా దగ్గరికి వచ్చినప్పుడు, ఇంటివాళ్ల మనవడు కనపడితే ఇప్పటికీ లేచి నిలబడతాడు. కాకపోతే టీ గ్లాసు దాచడం లేదు.

చక్రధర్ గారికి ఇంకో పెద్దాయన దొరుకుతాడు. ఈ దేశంలో ఆయనకి అలాంటివాళ్ల కొరత లేదు. ఈసారి కూతురు ఎం.ఏ. చదవనివాణ్ణి చూసుకుంటారు.

నేను వచ్చేసే రోజున శరత్ చాటుగా ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు, మీ నాన్నగారి రికార్డింగులు మీ దగ్గర ఉండటం మంచిదని. పదకొండు రోజుల ఫైళ్ల పక్కన 'క్లీన్' అని ఉంది. చివరిది ఆ శుక్రవారానిది. దాని పక్కన గడిలో అతను అలవాటు కొద్దీ రాశాడు: 'శబ్దం. వాడకూడదు.'

ఆ సంస్థ మొత్తంలో సరిగ్గా రాసిన గడి అదొక్కటే.